అయిదువందల గుర్రాల పంపకం

కాంత్ పట్టణంలోని పాలవీధి వాసులకు తెలియజేయడమేమనగా, ఎర్మెక్ కారు ఈసారి లోపలి నుంచి బలపడుతోంది.

కిందటేడు పొరుగూరు తొక్‌మోక్ వాళ్ళతో జరిగిన పందెంలో ఎర్మెక్ తన పాత జపాను కారుకు పెద్ద టర్బో తగిలించాడు. గాలి కూరిన కొద్దీ బండి ఉరికింది. సగం దూరంలో కనెక్టింగ్ రాడ్డు ఇంజను పొట్ట చీల్చుకుని బయటపడింది. ఏడాది పొడవునా తొక్‌మోక్ వాళ్ళు అతను కనిపిస్తే చాలు, "రాడ్డు దొరికిందా?" అని పరామర్శించారు. ఈ ఆదివారం కూడా ఓడితే అతనికి ఊళ్ళో తలెత్తుకునే మొహం లేదు.

అందుకే దెబ్బకు ఓర్చే గట్టి పిస్టన్లు, లావుపాటి రాడ్లు, వాటిని ఆడించే కొత్త క్రాంకు ఇరుసు తెప్పించాడు. అయిదువందల గుర్రాల బలం తట్టుకునే సరంజామా అది.

చిక్కల్లా వీధి వాళ్ళతోనే వచ్చింది. "రంగు వెయ్యలేదు, చక్రాలు మార్చలేదు, మరి ఏం మార్చావురా?" అన్నారు. కొత్త వస్తువు నలుగురికీ చూపించి, గొర్రెను కోసి, పెద్దల దీవెన పొందాలి కదా! చూడనిది లేనట్టే. పౌరుషం పొడుచుకొచ్చిన ఎర్మెక్, బిగించకముందే సామానంతా, విప్పి పెట్టిన టర్బోతో సహా, తుడిచి విందు దుప్పటి మీద పరిచాడు.

మాంసం పంపకం శాస్త్రోక్తంగా జరిగింది. వయసును బట్టి ఎముక, హోదాను బట్టి ముక్క. అప్పుడు సర్వసభాధ్యక్షులు జుమాకదిర్ తాత లేచి గొంతు సవరించుకున్నారు.

"మాంసానికి వరస ఉంది. ఇనుముకు ఉండొద్దా? మన పూర్వులు గుర్రాన్ని పంచుకున్న జాతి. ఇక్కడ అయిదువందలున్నాయి!"

క్రాంకు తాతగారికి వెళ్ళింది. పిస్టన్లు నలుగురు మామలకు, రాడ్లు బావలకు. టర్బో ఎవరికన్న తగాదాలో టీ చల్లారిపోయింది. చివరికి అత్తవారి వైపు అలగకూడదని దాన్ని బావమరిదికి ఇచ్చారు. పట్టుకుని చూస్తారు కాబోలనుకుని ఎర్మెక్ కూడా మురిసిపోయాడు. వెళ్ళేటప్పుడు మాత్రం అందరూ విందు వాటా ఇంటికి పట్టుకెళ్ళే ఆచారం ప్రకారం ఎముకలతోపాటు ఇనుమునూ సంచుల్లో కట్టుకున్నారు. అతిథి సంచి విప్పమని అడిగే నీచుడు ఆ వంశంలో ఇంతవరకు పుట్టలేదు.

మర్నాడు ఎర్మెక్ సిగ్గు విడిచి ఇల్లిల్లూ తిరిగాడు. పెద్ద మామ పిస్టనులో పళ్ళపుల్లలు పెట్టుకున్నాడు. చిన్న బావ పెళ్ళాం రాడ్డుతో అక్రోట్లు పగలగొడుతోంది. తాతగారి గదిలో క్రాంకు నిటారుగా నిలబడి ఆయన టోపీ మోస్తోంది.

"పెట్టిన వాటా వెనక్కి అడుగుతావా?" అన్నాడు పెద్ద మామ. "మీ నాన్న ఉంటే సిగ్గుతో చచ్చేవాడు."

ఆదివారం పందెం జరిగే పాత విమానాశ్రయం మైదానానికి పాలవీధి వీధంతా డప్పులతో తరలివచ్చింది. ఎర్మెక్ నడిచి వచ్చాడు. అవతల తొక్‌మోక్ వాళ్ళు అప్పుడే ఈలలు మొదలుపెట్టారు. అతనికి ఏడుపొక్కటే తక్కువ.

"బండేదిరా?" అని గర్జించారు తాతగారు.

"మీ ఇంట్లో ఉంది తాతా. కొంత మామల దగ్గర, కొంత బావల దగ్గర."

"అది మా వాటా!" తాతగారు కర్ర నేలకేసి కొట్టారు. "మా వాటా పోగా మిగిలిన బండి తోలుకు రావడానికి నీకేం రోగం?"

వీధంతా చప్పట్లు కొట్టింది. ఈ కాలం కుర్రాళ్ళకు బండి నడపడం చేతకాదని అక్కడికక్కడే ఏకగ్రీవంగా తీర్మానించారు.