బ్రిటిష్ హెవీవెయిట్లలో మా లెవి పద్నాలుగో వాడు

మనిషి తలకాయకు భూమ్మీద అత్యంత సురక్షితమైన చోటు బ్రిటిష్ హెవీవెయిట్ బాక్సింగ్ అని, పదిహేను నెలల పరిశీలన తరువాత, ఇందుమూలంగా ప్రకటిస్తున్నాను. అమెరికాలో, ప్లేనోలో కూర్చుని ఈ మాట ఎలా చెబుతున్నావని అడుగుతారు. ప్లేనోలో కూర్చున్నందుకే చెబుతున్నాను. సుడిగాలి సైరన్లు, నిమ్మకాయంత వడగళ్ళు, టోల్‌వే మీద ఎడమ లేన్‌లో దూసుకొచ్చే కార్లు, చర్చి పార్కింగులో వెనక్కి చూడకుండా వచ్చే వ్యాన్లు, వీటన్నిటి నడుమ పిల్లవాణ్ణి పెంచినదాన్ని. ఏది ప్రమాదమో, ఏది కాదో నాకు తెలుసు.

మా అబ్బాయి లెవికి ఇరవై ఒకటి. ఆరడుగుల ఐదంగుళాలు, నూట పన్నెండు కిలోలు. మావారు దైవాశీర్వాదం గారు ఇంగ్లండులో ఉద్యోగం చేసే రోజుల్లో వుల్వర్‌హాంప్టన్‌లో పుట్టాడు, అందుకని వాడిది బ్రిటిష్ పాస్‌పోర్టు. రెండు వేల ఒకటిలో ఎనిమిదేళ్ళ వాడుగా ఈ దేశం వచ్చాడు. కమ్యూనిటీ కాలేజీలో చదువుకుంటూ సాయంత్రాలు జిమ్‌కి పోయి సంచిని గుద్దేవాడు. సంచి తిరిగి కొట్టదు కనుక నేను ఊరుకున్నాను. ఒకనాడు భోజనాల దగ్గర "మమ్మీ, ఐ వాంట్ టు గో ప్రో" అన్నాడు. ప్రో అంటే తిరిగి కొట్టేవాణ్ణి కొట్టడమని మావారు విడమరిచి చెప్పాక మూడు రోజులు ఉపవాస ప్రార్థనలో ఉన్నాను. నాలుగో రోజు పద్మనాభం గారు మా ఇంటికి వచ్చారు.

పద్మనాభం గారు వెనకటికి కన్సల్టెన్సీ నడిపేవారు. ఎంఎస్ ముగించిన పిల్లలు ఆయన దగ్గర మూడు నెలలు ట్రైనింగ్ తీసుకుంటే ఏడేళ్ళ అనుభవంతో బయటికి వచ్చేవారు. ఇప్పుడాయన బ్రిటిష్ హెవీవెయిట్ ప్రతిభా సంరక్షణ మండలికి ఉత్తర అమెరికా ప్రతినిధి. ఆఫీసు అక్కడే, ఇండియన్ గ్రోసరీకీ కనుబొమ్మలు తీర్చే షాపుకీ మధ్య. (బోర్డు మాత్రమే మార్చారు. కుర్చీలు పాతవే.)

"మేడమ్, మీరు బాక్సింగ్ అంటే కొట్టుకోవడం అనుకుంటున్నారు" అన్నారాయన టీ అందుకుంటూ.

"కాదాండీ?"

"బిగినర్స్ కొట్టుకుంటారు. మనవాణ్ణి డైరెక్ట్‌గా ప్రాస్పెక్ట్ లెవెల్లో, అంటే పైకి వస్తున్నవాడిగా, ఎంటర్ చేస్తాం. ప్రాస్పెక్ట్‌ని ఎవడైనా కొట్టేస్తే ప్రమోటర్ ఊరుకుంటాడా?"

"మరి గెలిచేది ఎట్లా?"

"గెలవడం వేరు మేడమ్, రైజ్ అవడం వేరు. మీవాడు రైజ్ అవుతాడు."

ఆ మాటతో నాకు ఉపవాసం ఫలించినట్టనిపించింది. లెవి రెజ్యూమే ఆ సాయంత్రమే తయారైంది. అందులో పదకొండు నాకౌట్ విజయాలున్నాయి. జిమ్‌లో సంచి పదకొండు సార్లు హుక్కు ఊడి కిందపడిన మాట నిజమే కనుక ఇందులో అబద్ధమేమీ లేదని పద్మనాభం గారు నాకు నచ్చజెప్పారు.

ఇక బ్రిటిష్ హెవీవెయిట్ల ప్రస్తుత పరిస్థితి గురించి. బెల్టులిచ్చే సంస్థలు నాలుగు. ఒక్కో సంస్థకు ఒక ఛాంపియనూ, ఒక సూపర్ ఛాంపియనూ, ఒక తాత్కాలిక ఛాంపియనూ, ఒక సెలవులో ఉన్న ఛాంపియనూ ఉండవచ్చు. (మన తెలుగు సంఘాల ఎన్నికలు చూసినవారికి ఇంతకు మించి వివరించనక్కర్లేదు.) వీరి కింద పైకి వస్తున్నవారు. ఒక్క ఇంగ్లండులోనే ప్రతి ఊరికీ పైకి వస్తున్న హెవీవెయిట్ ఒకడుంటాడు. అక్కడి సాయంత్రం మనకు మధ్యాహ్నం కనుక శనివారం వంట ముగించి, పప్పు మీద మూత పెట్టి, నేను వీళ్ళను టీవీలో చూసేదాన్ని. మొదటి నెల కళ్ళు మూసుకుని చూశాను. తరువాత ఆ అవసరం లేదని తెలిసింది.

కారణం మండలివారి తొమ్మిదో నిబంధన. ఉన్నదున్నట్టు తెలుగు చేస్తున్నాను: "పైకి వస్తున్న బాక్సర్లు ఇద్దరు ఎదురుపడిన పక్షంలో వారిలో కనీసం ఒకరు పైకి రావడం ఆగిపోవు ప్రమాదమున్నందున, ఇద్దరూ పైకి రావడం పూర్తయ్యేవరకు అట్టి పోటీ జరపరాదు. పైకి రావడం పూర్తయినవారిని ఛాంపియన్లందురు. ఛాంపియన్లు ఎదురుపడిన పక్షంలో పదో నిబంధన చూడుడు." పదో నిబంధనలో తొమ్మిదో నిబంధన చూడమని ఉంటుంది.

అయితే పోటీలు లేవని కాదు. పోటీకి ఒక క్రమం ఉంది. ముందు ప్రకటన. తరువాత ప్రెస్ మీట్‌లో ఇద్దరూ నుదురుకు నుదురు ఆనించి గుడ్లురుముకోవాలి. అప్పుడు ఒకరు బల్ల తోసేయాలి (తోసే బాధ్యత తక్కువ ర్యాంకు వాడిది). ఆపైన ఒకరి బొటనవేలు నొప్పి చేస్తుంది, లేకపోతే ఇద్దరి టీవీ ఛానళ్ళకూ తేదీ కుదరదు. వాయిదా. వాయిదా పడినందుకు ఇద్దరికీ ర్యాంకు పెరుగుతుంది. మొదటి పదిమంది గురించి నేను నోటుబుక్కులో రాసుకున్న లెక్క ఇది: ప్రకటించినవి ఇరవై మూడు, జరిగినవి సున్నా, విరిగిన బల్లలు తొమ్మిది.

మా పక్కింటి రేణు ఈ సంగతి విని ఫెన్సు మీది నుంచే గుండెలు బాదుకుంది. "బాక్సింగా! ప్రేమక్కా, నీకేమన్నా మతి పోయిందా? కన్నకొడుకుని!"

"మీవాడు ఆడేదేంటి?"

"ఫుట్‌బాల్. హైస్కూల్ టీమ్." (ఇక్కడ ఫుట్‌బాల్ అంటే హెల్మెట్లు పెట్టుకుని తలలతో ఢీకొనే ఆట.)

"ఈ సీజన్‌లో తలకి దెబ్బ తగిలి ఎన్నిసార్లు బయట కూర్చోబెట్టారు?"

"రెండుసార్లేలే."

"అందులో వాయిదాలున్నాయా?"

లేవు. ప్రతి శుక్రవారం చెప్పిన టైముకే మొదలవుతుందట. అలాంటి ఆటకు పిల్లవాణ్ణి పంపి, తల్లి అయి ఉండి ఆమె నాకు బుద్ధి చెబుతోంది.

లెవి అరవై ఒకటో ర్యాంకులో ప్రవేశించాడు. హల్ అనే ఊరి నుంచి పైకి వస్తున్నవాడితో ఒకటి, బోల్టన్ నుంచి పైకి వస్తున్నవాడితో రెండు, ఇలా పోటీలు ప్రకటించడమూ వాయిదా పడడమూ జరిగి, ఏడాది తిరిగేసరికి పద్నాలుగో ర్యాంకుకు చేరాడు. ఒంటి మీద ఒక్క గీత లేదు. ఆదివారం ఆరాధనలో లేచి నిలబడి సాక్ష్యం చెప్పాను, నా బిడ్డను దేవుడు ఒక్క దెబ్బ తగలకుండా అరవై ఒకటి నుంచి పద్నాలుగుకు హెచ్చించాడని. సంఘమంతా ఆమెన్ అంది. వెనక వరుసలో లెవి మాత్రం ఫోను చూసుకుంటున్నాడు.

కారెక్కాక అన్నాడు. "మమ్మీ, వై వుడ్ యూ సే దట్? నేను ఎవర్నీ కొట్టలే. నన్ను ఎవరూ కొట్టలే. ఐయామ్ నాట్ ఎ బాక్సర్."

"నువ్వు పద్నాలుగో ర్యాంకు నాన్నా."

"పద్నాలుగు ఇన్ వాట్?"

"బెల్టు పెట్టుకో" అన్నాను. సీటు బెల్టు.

వాడికి నిజమైన పోటీ కావాలట. ఒక్కటి. తన వయసువాడితో, తన సైజువాడితో. వాణ్ణి కనడానికి నాకు పంతొమ్మిది గంటలు పట్టిందని, ఆ తల మీద నాకూ కొంత హక్కుందని చెప్పాను. వాడు కిటికీలోంచి బయటికి చూశాడు. దైవాశీర్వాదం గారు రేడియో పెట్టారు.

అక్టోబరులో పద్మనాభం గారు ఫోన్ చేశారు. ఇరవై రెండో నిబంధన ప్రకారం జాబితాలో కొనసాగాలంటే ఏడాదిలో ఒక్కసారైనా రింగులోకి దిగి, అవతల ఒక మనిషి ఉండగా గంట మోగించుకోవాలట. అవతల మనిషెందుకని అడిగాను.

"కంగారు పడకండి మేడమ్. అవతలి మనిషిని సెలెక్ట్ చేసేది మనమే. ఫారం పంపిస్తున్నా. మదర్స్ సిగ్నేచర్ ఉంటే అప్రూవల్ ఫాస్ట్‌గా వస్తుంది, మదర్స్ చాలా జాగ్రత్తగా ఏరతారని మండలివాళ్ళకి ఎక్స్‌పీరియన్స్."

ఫారంతోపాటు ముప్ఫైమంది వివరాలు వచ్చాయి. బెండకాయలు ఏరడం వచ్చినవాళ్ళకు ఇదొక పని కాదు. అక్కడ లేతవి ఏరాలి, ఇక్కడ ముదురువి. వయసు, ఓడిన పోటీలు, పాత గాయాలు, చూపు, ఊపిరి, చివరిసారి ఆసుపత్రిలో ఉన్న తేదీ, దేని గడి దానికే ఉంది. రెండు సాయంత్రాలు కూర్చుని, కళ్ళద్దాలు పెట్టుకుని, పక్క రాష్ట్రంలోని తుల్సా నుంచి ఆర్లిస్ అనే ఆయన్ని ఏరాను. నలభై మూడేళ్ళు. నలభై ఒక్క పోటీల్లో ముప్ఫై ఎనిమిది ఓడాడు. భుజం ఒకసారి విరిగి అతికింది. ఎడమ కంటికి చూపు సగమే.

"ఎక్స్‌లెంట్ సెలెక్షన్" అన్నారు పద్మనాభం గారు. "మనవాడి రైట్ హ్యాండ్ కరెక్ట్‌గా ఆ కంటి వైపు నుంచే వస్తుంది. మీరు బాక్సింగ్ చదివారా మేడమ్?"

కాదని, తల్లినని చెప్పాను.

నవంబరులో ఒక శనివారం మధ్యాహ్నం పోటీ జరిగింది. మనవాళ్ళు ఓణీల ఫంక్షన్లు చేసుకునే బ్యాంక్వెట్ హాలే. డాన్స్ చేసే చోట రింగు కట్టారు. కుర్చీలకు కిందటి వారం ఫంక్షన్ తాలూకు బంగారు రంగు రిబ్బన్లు అలాగే ఉన్నాయి. నేను ముందు వరుసలో కూర్చుని, కళ్ళు మూసుకుని, వేళ్ళు పెనవేసుకుని ప్రార్థన మొదలుపెట్టాను. కాసేపటికి పక్క కుర్చీలోంచి కూడా గొణుగుడు వినిపించింది. కళ్ళు తెరిచి చూస్తే ఒక ముసలావిడ. డెనిమ్ జాకెట్టు, ఒళ్ళో నల్ల హ్యాండ్‌బ్యాగు. నాలాగే కళ్ళు మూసుకుని, వేళ్ళు పెనవేసుకుని ఉంది.

ప్రార్థన ముగించి నా వైపు తిరిగి నవ్వింది. "విచ్ వన్ ఈజ్ యువర్స్, హనీ?"

"బిగ్ వన్" అన్నాను.

"మైన్ ఈజ్ ది అదర్ వన్." పోటీ అయ్యాక అతనికి సరిగా కనపడదని, అందుకే తుల్సా నుంచి తనే కారు నడుపుకుంటూ తీసుకొచ్చానని చెప్పింది. తరువాత నా చేతి మీద చెయ్యి వేసి, "డోంట్ యూ వర్రీ. మై ఆర్లిస్ నెవర్ హర్ట్ నోబడీ" అంది.

గంట మోగింది. ఆర్లిస్ మా లెవిని వెతుక్కుంటూ తల కొంచెం ఎడమకు తిప్పాడు. లెవి కుడి చెయ్యి ఆ వైపు నుంచే వచ్చింది. అంతా కలిపి నలభై సెకన్లు. మా సంఘం వాళ్ళు లేచి చప్పట్లు కొట్టారు. రెఫరీ పది లెక్కపెట్టాడు, ఆర్లిస్ లేవలేదు. డాక్టరు ఎక్కాడు, అప్పుడూ లేవలేదు. చప్పట్లు తగ్గాయి. ముసలావిడ లేచి, "హోల్డ్ దిస్ ఫర్ మీ" అని బ్యాగు నా చేతిలో పెట్టి, తాళ్ళ కింది నుంచి వంగి రింగులోకి వెళ్ళింది. డెబ్బై దాటిన మనిషి మోకాళ్ళ మీద కూర్చుని కొడుకు బుగ్గలు తడుతూ ఉంటే, నేను ఆమె బ్యాగు రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాను. లెవి ఒక మూల నిలబడి ఏడుస్తున్నాడు. గ్లవ్స్‌తో కళ్ళు తుడుచుకోవడం కుదరదు.

వాడి ఒంటి మీద ఒక్క గీత లేదు. నేను దగ్గరికి వెళ్ళి పరీక్షగా చూశాను.

"మమ్మీ, హి కుడెంట్ సీ మీ" అన్నాడు. ఇంటికి వచ్చేదాకా ఇదే మాట. "నీకు ముందే తెలుసా? యూ న్యూ?" అని ఒకసారి అడిగాడు. నేను రోడ్డు చూసి నడపమని దైవాశీర్వాదం గారికి చెప్పాను.

ఆర్లిస్ మూడో రోజుకు తన పేరు చెప్పగలిగాడట. వాళ్ళమ్మ పేరు ఇంకా చెప్పడం లేదట. ఆ మంగళవారం కొత్త జాబితా వచ్చింది. లెవిది తొమ్మిదో ర్యాంకు. వాడు గ్లవ్స్ గరాజులో రీసైక్లింగ్ డబ్బాలో వేశాడు. తడవకుండా నేను తీసి ఎండలో పెట్టాను, ఎందుకంటే జాబితాలోంచి బయటికి వచ్చినవాడికి ఏ నిబంధనా వర్తించదు, అప్పుడు వాణ్ణి ఎవరైనా కొట్టవచ్చు.

గురువారం పద్మనాభం గారు ఫోన్ చేశారు. మొదటి పదిమందిలో ఉన్నవారు ఏడాదికి రెండుసార్లు రింగులోకి దిగాలట.

"సేమ్ ప్రాసెస్ మేడమ్. ఈసారి ఏం ఫిల్టర్ పెట్టమంటారు? వయసా, చూపా?"

కాస్త ఆలోచించి, తల్లి లేనివాళ్ళు ఎవరైనా ఉన్నారేమో చూడమన్నాను.

కీబోర్డు చప్పుడు వినిపించింది. "ఇద్దరున్నారు మేడమ్."

పెద్దవాణ్ణి ఖాయం చేశాను.