డాక్టరుగారి బానెట్, ఇడ్లీ రవ్వ సంచి

ఆ శనివారం పొద్దున పాండురంగం వేసుకున్న లెక్క సులువైనదే. మధ్యాహ్నంలోగా డాక్టర్ ఆంజనేయప్రసాద్ పాత కారు బానెట్ మీద పెయింటు ఊడాలి. పని నచ్చితే, పాత కార్లున్న ఆయన స్నేహితులంతా లండన్ శివారు హౌన్స్‌లోలోని తన షెడ్డుకే వస్తారు. చెడితే ఒక్కడూ రాడు.

బానెట్ పల్చటి అల్యూమినియం రేకు. గాలి గన్నుతో ఇసుక కొడితే వేడెక్కి వంకరపోతుంది. గాజు పూసలు కొడితే గుంటలు పడతాయి. సోడా పొడి కొడితే కడగలేక చావాలి. ఏ మూల ఆ పొడి మిగిలినా కొత్త పెయింటు పట్టదు. అందుకే మెత్తటి ప్లాస్టిక్ గుండ ఎంచుకున్నాడు. మెత్తని మనిషితో మెత్తగానే బేరమాడాలన్నది అతని సూత్రం, రేకుకూ అదే.

గుండ తెల్లగా, అచ్చం ఇడ్లీ రవ్వలా ఉంటుంది. అది వచ్చిన కాగితం సంచి చిరిగితే, భార్య పుష్పలీల దాచిన ఖాళీ రవ్వ సంచిలో పోశాడు. మంచి సంచి పారేస్తే నష్టం కదా. ఇంట్లో జాగా లేక ఆమె రవ్వ సంచులూ ఆ షెడ్డులోనే ఉంటాయి.

గన్ను నొక్కాడు. తుస్సుమంది. మళ్ళీ నొక్కాడు. తెల్లటి ముద్ద ఒకటి బానెట్ మీద పడి మెల్లగా జారింది. పైపు మూసుకుపోయింది. గుండ ముద్ద కట్టగా అతను ఎన్నడూ చూడలేదు. ముద్ద కట్టేది రవ్వే.

మరి పక్క ఊరు రీడింగ్‌లోని తెలుగు సంఘం టిఫిన్ల కోసం నిన్న పుష్పలీల పట్టుకెళ్ళిన సంచిలో ఉన్నదేమిటి?

అక్కడ ఈ రోజు ముఖ్య అతిథి ఆంజనేయప్రసాదే. ఒకే పూటలో ఆయన బానెట్టూ, పళ్ళూ పోయేలా ఉన్నాయి.

పుష్పలీల ఫోన్ ఎత్తలేదు. సంఘం కార్యదర్శి లోకేష్ ఎత్తాడు.

"లోకేష్, ఇడ్లీలు ఆపు!"

"ఎందుకంకుల్? క్యూ కార్ పార్క్ దాకా ఉంది."

నిజం చెబితే బేరం పోతుంది. "పిండి... పిండి ఖరాబైంది."

అబద్ధం చౌకగానే వస్తుంది. మోత కూలే ఎక్కువ. పాండురంగం వ్యాన్‌లో రీడింగ్ చేరేసరికి లోకేష్ ఆ మాట మైకులో చెప్పేశాడు. "కడుపులో ఎవరికైనా తేడాగా ఉందా?" అని డాక్టరు అడగగానే చేతులు లేచాయి, ఇంకా తిననివాళ్ళవి కూడా. కుర్చీలు కలిపి కొందరిని పడుకోబెట్టారు. అంబులెన్స్ పిలవాలని ఎవరో, ముందు కౌన్సిల్‌కు చెప్పాలని ఇంకెవరో వాదించుకుంటున్నారు.

డాక్టరు మాత్రం, పరీక్ష చేద్దామని కాబోలు, ఇడ్లీ ముక్క నోట్లో పెట్టుకున్నాడు.

"మింగకండి సార్!" పాండురంగం గుమ్మంలోంచే అరిచాడు.

డాక్టరు నమలడం ఆపాడు. "ఏముందయ్యా ఇందులో?"

"ప్లాస్టిక్ సార్. మీ బానెట్ కోసం తెచ్చింది."

వంటగదిలోంచి పుష్పలీల గరిటెతో వచ్చింది.

"ఏందయ్యా నీ లొల్లి? నీ గుండ సంగతి నాకు నిన్ననే ఎరుకైంది. ఎంతసేపు నానబెట్టినా ఉబ్బలే. కొత్త రవ్వ కొనుక్కొచ్చి పిండి కలిపిన. నీది వడగట్టి, మళ్ళ నీ సంచిలనే పోసి షెడ్డుల పెట్టిన."

"తడిదే పోసినవా?"

"మరి తుడిచి పౌడర్ రాయాల్నా? రవ్వ సంచిల గుండ పోసేటప్పుడు నువ్వు నాకు చెప్పినవా?"

పడుకున్నవాళ్ళు ఒక్కొక్కరే లేచి మళ్ళీ క్యూలో నిలబడ్డారు. డాక్టరు నోట్లో ముక్క తీరిగ్గా నమిలి మింగాడు.

"ఇంతకీ నా బానెట్ ఏమైనట్టు?"

"భద్రం సార్. గీత కూడా పడలే."

"పెయింటు?"

"అది కూడా భద్రమే సార్."

సాయంత్రం డాక్టరు వచ్చి బానెట్ తీసుకెళ్ళిపోయాడు. ఆయన స్నేహితుల ఆర్డర్లు మరుసటి వారమే మొదలయ్యాయి: అన్నీ ఇడ్లీలకే, పుష్పలీల పేరు మీద.