పంపు లేచేదాకా ఆగు

నాగరికత అన్నది ఏది ముందు లేవాలి, ఏది తర్వాత లేవాలి అనే క్రమం మీదే నిలబడి ఉందనీ, ఆ క్రమాన్ని వాడుకునేవాళ్ల చేతికిస్తే ప్రళయమేననీ చల్లబరిచే మిషన్లు అమ్మే కంపెనీవారి ఆరంభ పవిత్రతా విభాగం ఏనాడో తేల్చేసింది. (ప్రళయం సంగతి వాళ్లు స్వయంగా చూసుకుంటారు.)

కెనడాలోని సస్కాచెవాన్‌లో ఓ చిన్న ఊరి ఐసు హాకీ రింకు చూసుకునే ఆర్డిత్‌కి ఈ సంగతి తెలియదు. ఐసు కింది గొట్టాల్లో చల్లటి ఉప్పునీళ్లు తిప్పే ఆమె పంపు ముసలిది. ఒళ్లు విరుచుకుంటే గాని కదలదు. ఈలోగా చల్లబరిచే మిషను లేచి, పంపు కదలడం లేదని అలిగి ఆగిపోతుంది. అందుకని మిషన్లను నిద్రలేపే కంప్యూటరు స్క్రిప్టులో ఆర్డిత్ ఒకే ఒక్క వాక్యం చేర్చింది: పంపు లేచేదాకా ఆగు. ఐసు రాయిలా గడ్డకట్టింది.

అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ కంపెనీవారు తమ స్క్రిప్టును దానిమీద పరిచేసేవారు. వాక్యం మాయం, ఐసు నీళ్లు. (ఇంటర్నెట్ తీగ పీకేస్తే మిషను అసలు లేవదు. అదీ స్క్రిప్టులోనే ఉంది.)

"ఏమే, ఇది ఐసా, సూపా?" అంది ఆడపిల్లల జట్టు కోచ్ లోర్నా. "వచ్చే నెలలో ఫైనల్. పిల్లలకి స్కేట్లు తేనా, తెడ్లు తేనా?"

ఆర్డిత్ ఆ పవిత్రతా విభాగాధిపతి ప్రింగిల్‌కి ఫోన్ చేసింది.

"తెర రంగు మార్చుకోండి మేడమ్, గంట మోత మార్చుకోండి. అవి సెట్టింగులు. ఇది స్క్రిప్టు."

"దాన్ని మారిస్తేనే గదయ్యా నా రింకు నడిచేది! మరి అది సెట్టింగు కాక ఇంకేంటి? పోనీ, తుడిచే ముందు ఒక్క మాట అడగొచ్చుగా?"

"అడిగితే మీరు వద్దంటారు కదండీ."

అయినా విభాగం దయగలది. కమిటీ కూర్చుంది. ఆర్డిత్ వాక్యం అద్భుతమని తీర్మానించి, దాన్ని అసలు స్క్రిప్టులోనే ఎక్కించి దేశమంతటా పంపింది. అదే కంపెనీ మిషన్లు వాడే ఈతకొలనులు కూడా, పంపు ఉన్నా లేకున్నా, పంపు కోసం భక్తిగా ఆగాయి. ఆర్డిత్ ఆనందం పట్టలేక ఐసు మీద గంతులేసి, దబ్బున పడి, పడుకునే నవ్వింది.

ఊరు ఊరంతా పొంగిపోయి, పెరోగీలనే కుడుములు అమ్మి ఆమెకు కొత్త పంపు కొనిచ్చింది. కొత్తది చురుకైనది. తను లేచేసరికే చల్లబరిచే మిషను లేచి ఉండకపోతే, కరెంటు దండగని మళ్లీ పడుకుంటుంది. ఆర్డిత్ తన వాక్యం తనే తీసేసింది. ఫైనల్ రోజు పొద్దున్నే అప్‌డేట్ వచ్చి దాన్ని మళ్లీ చేర్చింది. లోర్నా తెడ్డుతోనే వచ్చింది.

"ఆ వాక్యం రాసింది నేనేనయ్యా!" ఆర్డిత్ ఫోన్లో అరిచింది.

"మాకు తెలుసు మేడమ్," అన్నాడు ప్రింగిల్ గౌరవంగా. "అందుకే వాడుకునేవాళ్లెవరూ దాన్ని చెరపకుండా చూసుకుంటున్నాం."