ఏడు సెకన్ల ఆలస్యం

శనివారం ఉదయం ఫ్రిజ్ తలుపు మీద, అయస్కాంతం కింద, ఐరీన్ చేతిరాతతో ఉన్న చీటీ ఇది:

చూరు కాలవల్లో ఆకులు తియ్యాలి.

చలికాలం కిటికీ అద్దాలు బిగించాలి.

మంచు తోసే మిషను స్టార్టవుతుందో లేదో చూడాలి.

కుంటి కుర్చీకి కాలు. (మూడో ఏడు నడుస్తోంది.)

మేడ మీద కొళాయి కారుతోంది. కారట్లేదని నువ్వన్నావు. కారుతోంది.

దాని కింద పెన్సిల్‌తో, చీమ కూడా వంగి చదవాల్సినంత చిన్న అక్షరాల్లో చెస్టర్ రాసుకున్నది ఒకటే: పన్నెండు లోపు గ్యారీ.

అమెరికాలో బఫెలో నగరాన్ని ఆనుకుని ఉన్న చీక్టవాగాలో చెస్టర్ బార్టోషిక్ ఇళ్ళని వెచ్చగా ఉంచే కొలుములు బాగుచేస్తాడు. చలికాలంలో ఆ ఊళ్ళో దేవుడి తరవాత జనం తలుచుకునేది అతన్నే. ఇంట్లో మాత్రం ఆ హోదా నడవదు. పైన చెప్పిన కొళాయే సాక్ష్యం.

గ్యారీ అంటే రేడియోలో రోజూ తొమ్మిది నుంచి పన్నెండు దాకా ఆటల గురించి మాట్లాడేవాడు. మాట్లాడతాడని మర్యాదకు అంటున్నాం గానీ, ఊళ్ళో అతని పేరు గావుకేకల గ్యారీ. సోమవారం కోచ్‌ని పీకెయ్యాలంటాడు. మంగళవారం, "కోచ్‌ని పీకెయ్యమన్న వెధవ ఎవడు?" అని అడుగుతాడు. బుధవారం ఆ వెధవని వెతకడానికి ఫోన్లు తీసుకుంటాడు. మధ్యలో ప్రతి నాలుగు నిమిషాలకీ పరుపుల ప్రకటన.

చెస్టర్ పందొమ్మిదేళ్ళుగా ఆ రేడియోని తిడుతూనే వింటున్నాడు.

"అంత ఒళ్ళు మండితే ఆపెయ్యొచ్చుగా?" అని ఐరీన్ అడిగింది ఒకసారి.

"ఆపేస్తే వాడు తప్పు చెప్పినప్పుడు నాకెలా తెలుస్తుంది?" అన్నాడు చెస్టర్.



ఇప్పుడు విషయం వేరు. పదకొండు రోజులుగా గ్యారీ ఒక పోటీ నడుపుతున్నాడు: 'ఊరి పరువు తీసిన మహానుభావుడు ఎవరు?' జనం ఫోన్లు చేసి ఓట్లు వేస్తున్నారు. శనివారం పన్నెండింటికి ఫలితం. మొదటిరోజు నుంచీ అందరికన్నా ముందున్నవాడు 'చీపురుగాడు'.

అరవై నాలుగు డిసెంబరులో మంచులో జరిగిన అమెరికా ఫుట్‌బాల్ ఆట గురించి తెలియనివాళ్ళు ఆ ఊళ్ళో లేరు. ఆఖరి నిమిషంలో మన జట్టువాడు బంతి చంకలో పెట్టుకుని మైదానం మూలకి పరిగెత్తాడు. గోల్ గీత దాటేశాననుకుని బంతి కింద పెట్టి చిందులేశాడు. గీత ఇంకా గజం దూరంలో, మంచు కింద ఉంది. ఎదుటి జట్టువాడు తాపీగా వచ్చి బంతి ఎత్తుకుపోయాడు, ఆటా పోయింది. ముప్పై మూడేళ్ళయినా ఊరికి ఆ గజం దూరం తగ్గలేదు.

"విరామంలో మైదానమంతా ఊడ్చారు!" అని గ్యారీ రోజూ అరుస్తున్నాడు. "ఆ ఒక్క మూలా వదిలేశారు! ఎక్కడ తాగి పడుకున్నాడు ఆ చీపురుగాడు?"

ఆ చీపురు పట్టిన మనిషి పేరు బ్రూనో సోబ్చాక్. ఐరీన్ నాన్న. జన్మలో ఆయన తాగింది చర్చిలో ఇచ్చే గుక్కెడు ద్రాక్షరసమే. ఆ రోజు మంచుకి మిగతా ఐదుగురు పనివాళ్ళూ రాకపోతే, ఆయనొక్కడే చీపురు పట్టుకుని అంత మైదానం ఊడ్చాడు. పోయి నాలుగేళ్ళయింది.

అల్లుడంటే ఆయనకి ప్రాణమేమీ కాదు. పెళ్ళయ్యాక చెస్టర్‌తో ఆయన మాట్లాడిన మాటలు మొత్తం కలిపితే ఒక పోస్టుకార్డు నిండదు. అందులోనూ సగం "తలుపు మూయి, చలి వస్తోంది". కానీ బతికినన్నాళ్ళూ, ఇరవయ్యేడు చలికాలాలు, తెల్లారేసరికి వీళ్ళ వాకిట్లో మంచు ఎత్తేసి బెల్లు కొట్టకుండా వెళ్ళిపోయేవాడు. కాఫీ తాగి వెళ్ళమని చెస్టర్ తలుపు తీసుకుని బయటికొచ్చేసరికి పారతో వీధి చివర ఉండేవాడు.

అలాంటి మనిషిని తాగుబోతంటే చెస్టర్ ఊరుకుంటాడా? పైగా ఆ ఆటకి తనూ వెళ్ళాడు. ఐరీన్‌ని మొదటిసారి చూసింది అక్కడే. మైదానం అంచున వేడి కోకో అమ్ముతోంది.

పథకం సిద్ధమైంది. ఒకటి, గ్యారీ కూతలు ఐరీన్ చెవిన పడకూడదు. వంటింటి రేడియోలో బ్యాటరీలు తీసేసి, "పాడైపోయింది, పాపం," అన్నాడు. రెండు, పన్నెండు లోపు గ్యారీతో మాట్లాడి మామగారి పేరు కడిగెయ్యాలి. మూడు, ఆ తరవాత ఐరీన్‌కి చెప్పి మెప్పు పొందాలి. చూరు కాలవల సంగతి ఆ మెప్పులో కొట్టుకుపోతుందని లోలోపల ఆశ.

పది రోజులు ఫోన్ చేశాడు. పది రోజులూ జరిగింది ఒకటే.

"ఏం మాట్లాడతారు సార్?" అని ఫోనెత్తిన అమ్మాయి అడిగేది.

"గ్యారీ చెప్పేది తప్పని నిరూపిస్తాను."

"లైన్లో ఉండండి."

ఉండేవాడు. గంట. గంటన్నర. పరుపుల ప్రకటన బట్టీ వచ్చేసింది.

శనివారం తొమ్మిదింటికి ఐరీన్‌తో, "ఇవాళ చర్చిలో పియరోగీలు చేస్తున్నారట. నువ్వు వెళ్ళకపోతే మైదా పిండి ఎవరు కలుపుతారు?" అన్నాడు.

"నువ్వు చీటీలో పనులన్నీ చేస్తావా?"

"అన్నీ. కొళాయితో సహా."

ఐరీన్ అతని మొహం కేసి ఒక క్షణం చూసి, కోటు వేసుకుని కారెక్కింది. చెస్టర్ వెనక షెడ్డులోకి దూరి, నిచ్చెన గోడకి వేసి, ఆ నిచ్చెన మీదే కూర్చుని ఫోన్ కలిపాడు. పక్కన చిన్న రేడియో. చేతిలో మూడు పేజీల ఉపన్యాసం.

రెండు గంటల ఇరవై నిమిషాలు గడిచాయి. నిచ్చెన మెట్టు వెనకభాగాన తన గుర్తు శాశ్వతంగా వేసింది.

"చీక్టవాగా చెస్టర్! చెప్పు!"

చెస్టర్ కాగితాలు సర్దుకున్నాడు. "నమస్కారం గ్యారీ. పందొమ్మిదేళ్ళుగా వింటున్నాను, మొదటిసారి..."

"రేడియో తగ్గించవయ్యా, చెవులు పగులుతున్నాయి!"

ఎవరైనా నోరు జారితే కత్తిరించడానికి రేడియోవాళ్ళు ప్రతి మాటనీ ఏడు సెకన్లు ఆపి వదులుతారు. ఇంట్లో రేడియో మోగుతుంటే మన మాటే వెనక నుంచి వచ్చి మనల్ని తంతుంది. చెస్టర్ రేడియో ఆపేశాడు.

"ఇంకా వినిపిస్తోంది!" అని గ్యారీ అరిచాడు.

"ఆపేశాను!"

"మరి ఆ గొంతెవరిది? మీ ఇంట్లో దెయ్యం కూడా నా అభిమానేనా?"

చెస్టర్ చెవి ఒగ్గాడు. గోడ అవతల, వంటింట్లోంచి తన గొంతే వస్తోంది. "నమస్కారం గ్యారీ. పందొమ్మిదేళ్ళుగా వింటున్నాను..."

మూడు పేజీల ఉపన్యాసం చేతిలోంచి జారి మంచు తోసే మిషను కిందికి పోయింది.

"అదీ... బ్రూనో సోబ్చాక్ తాగలేదు. నేనక్కడే ఉన్నాను. కళ్ళారా చూశాను."

"ఆ మూల ఊడవడం చూశావా?"

"ఊడ్చే ఉంటాడు."

"ఉంటాడా? ఇప్పుడే కళ్ళారా అన్నావు! రెండో సగం చూశావా లేదా?"

"మొదటి సగం చూశాను. తరవాత... బయటికి వచ్చేశాను."

"ఎందుకు?"

"ఒకాయన తరిమాడు."

"ఆహా! పెద్ద సాక్షి దొరికాడు!" గ్యారీ నవ్వు షెడ్డంతా మోగింది. "చీపురుగాడికి ఇంకో పది ఓట్లు పడ్డాయి, థాంక్స్ చెస్టర్!"

ఫోన్ కట్టయింది. ఏడు సెకన్ల తరవాత వంటింట్లో కూడా కట్టయింది.

చెస్టర్ వంటింట్లోకి వెళ్ళేసరికి ఐరీన్ కుంటి కుర్చీలో, పడిపోకుండా ఒక కాలు అడ్డంపెట్టి కూర్చుని ఉంది. ముందు రేడియో.

"నువ్వు... పియరోగీలు..."

"అవి గురువారమే అయిపోయాయి. నీ ముచ్చట తీరాలని వీధి చివరిదాకా వెళ్ళి వచ్చాను."

"రేడియో పాడైపోయిందిగా?"

"బ్యాటరీలు తీసి చెంచాల డ్రాయర్లో పెట్టావు. రోజుకి మూడుసార్లు తెరిచే డ్రాయరు. దాచడమంటే అదేనా?"

"అంటే పదకొండు రోజుల నుంచీ..."

"పదకొండు రోజుల నుంచీ."

చెస్టర్ చుట్టూ చూశాడు. కూర్చుందామంటే ఉన్న మంచి కుర్చీ మీద ఉతికిన బట్టలున్నాయి. "ఆయన్ని అన్నేసి మాటలంటుంటే నువ్వెలా ఊరుకున్నావు?"

"మా నాన్నకి మాటిచ్చాను కాబట్టి." ఐరీన్ గడియారం కేసి చూసింది. పదకొండు నలభై. "ఇక నావల్ల కాదు. ఆయనే క్షమిస్తాడు. ఫోన్ ఇలా ఇయ్యి."

"ఇప్పుడు చేస్తే ఎప్పటికి దొరుకుతుంది? నేను రెండు గంటల ఇరవై..."

ఐరీన్ అప్పటికే మాట్లాడుతోంది. "అమ్మాయీ, గ్యారీ చెప్పేది ఎంత కరెక్టో, అంత తెలివి ఆయనకి ఎలా వచ్చిందో అడగాలమ్మా." ఒక్క నిమిషం కూడా కాలేదు. చేత్తో ఫోన్ మూసి, "తరవాత నేనే. రేడియో పట్టుకుని షెడ్డులోకి పో," అంది.

పందొమ్మిదేళ్ళ అనుభవం షెడ్డులోకి నడిచింది.

"చీక్టవాగా ఐరీన్! ఇవాళ చీక్టవాగాకి ఏమైంది?" రేడియోలో గ్యారీ.

"గ్యారీ బాబూ, నువ్వు చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. ఆ మూల ఊడవలేదు."

"అదీ మాట! విన్నారా అందరూ?"

"ఆ ఊడ్చినాయన మా నాన్న."

రేడియో మూగబోయింది. గ్యారీ నోట నిశ్శబ్దాన్ని చెస్టర్ ఎప్పుడూ వినలేదు. బ్యాటరీలు అయిపోయాయనుకుని రెండుసార్లు తట్టాడు.

"మా నాన్న తాగలేదు బాబూ. విరామంలో ఒక్కడే మైదానమంతా ఊడ్చుకుంటూ ఆ మూలకి వచ్చాడు. నేనక్కడ కోకో అమ్ముతున్నాను. ఒక కుర్రాడు మూడో కప్పు తాగుతూ నా చెయ్యి పట్టుకుని, చేతులు చల్లగా ఉన్నాయంటున్నాడు. మా నాన్న చూశాడు. చీపురు అక్కడే పడేసి వాడి వెంటపడ్డాడు. మెట్లన్నీ ఎక్కించి, దించి, గేటు దాటించి వచ్చేసరికి ఆట మొదలైపోయింది. మైదానంవాళ్ళు ఆయన్ని మళ్ళీ లోపలికి రానివ్వలేదు."

షెడ్డులో చెస్టర్ నెమ్మదిగా లేచి నిలబడ్డాడు. ఆ మూడు కప్పుల కోకో ఇప్పుడే తాగినట్టు ఒళ్ళంతా వేడెక్కింది.

"మర్నాడు పేపర్లో అంతా తిట్టారు. నిజం చెప్పు నాన్నా అన్నాను. 'చెబితే నీ పేరూ, ఆ కుర్రాడి పేరూ ఊరందరి నోళ్ళల్లో నానుతాయి. వాణ్ణి బతకనివ్వరు. తిట్లేగా, నన్ను తిట్టనీ. నువ్వు మాత్రం ఎవరికీ చెప్పకు,' అన్నాడు."

"మరి ఆ కుర్రాడు ఏమయ్యాడమ్మా?" గ్యారీ గొంతు మొదటిసారి మనిషి గొంతులా ఉంది.

చెస్టర్ పరిగెత్తాడు. షెడ్డు తలుపు, మూడు మెట్లు, వంటింటి గడప. "ఐరీన్! వద్దు! పేరు చెప్ప..."

ఐరీన్ ఫోన్ పెట్టేసి, టీకి నీళ్ళు పెడుతోంది.

షెడ్డులోంచి రేడియో, తన తీరికలో తాను చెప్పింది: "ఇందాక నీతో మాట్లాడాడుగా. చీక్టవాగా చెస్టర్. ఇప్పటికీ ఇంట్లోనే ఉన్నాడు. చూరు కాలవలు బాగుచెయ్యడం తప్ప అన్నీ చేస్తాడు."

పన్నెండింటికి గ్యారీ ఫలితం ప్రకటించాడు. బ్రూనో సోబ్చాక్ పేరు జాబితాలోంచి కొట్టేశానన్నాడు. తనది తప్పన్నాడా అంటే, లేదు. "తప్పు సమాచారం ఇచ్చినవాళ్ళెవరో నాకు తెలియాలి!" అని అరిచాడు. కానీ ఆ అరుపుకి ముందు ఒక్క క్షణం ఆగాడు. ఆ వృత్తిలో అది కన్నీళ్ళతో సమానం.

ఊరి పరువు తీసిన మహానుభావుడిగా చెస్టర్ బార్టోషిక్ చరిత్రలో లేనంత మెజారిటీతో గెలిచాడు. ఇరవై నిమిషాల్లో ఊరంతా ఓట్లు గుద్దింది. చివరి ఓటు చీక్టవాగా నుంచి ఒక ఆడమనిషి వేసిందట, పేరు చెప్పలేదట.

బహుమతిగా బంగారు రంగు వేసిన చీపురు సోమవారం ఇంటికొచ్చింది. మంగళవారం చెస్టర్ నిచ్చెనెక్కి, దాంతోనే చూరు కాలవలు ఊడుస్తున్నాడు. వీధిలో పోయే ప్రతి కారూ హారన్ కొడుతోంది.

"చెస్టర్! మూల వదిలెయ్యకు!"

ఐరీన్ కింద నిచ్చెన పట్టుకుంది.

"ఆ మూల నావల్లే మిగిలిందని నీకు తెలుసు," అన్నాడు చెస్టర్ పైనుంచి. "ముప్పై మూడేళ్ళూ తెలుసు. మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే నువ్వు ఆయన మొహం చూడగలిగేవాడివా? ఆయన మన వాకిట్లో మంచు తీస్తుంటే లోపల నిద్రపోగలిగేవాడివా?"

చెస్టర్ వంగి, గొట్టం కలిసే చోట చెయ్యి పూర్తిగా లోపలికి పెట్టి, మూలలో మిగిలిన ఆఖరి ఆకు కూడా తీశాడు.

ఎప్పుడైనా టీవీలో మంచులో జరిగే ఆట మీ కంటపడితే, అంత తెలుపు మధ్యన గీతలు తేటగా కనిపిస్తే, ఎవరో ఒకరు చీపురు పట్టారన్నమాట. గెలిచినవాళ్ళని అందరూ గుర్తుపెట్టుకుంటారు. మీరు మాత్రం ఒక్కసారి, చలికి తలుపు మూసి, బ్రూనో సోబ్చాక్‌ని గుర్తుచేసుకోండి.