ఊరి చదువు గుత్తకిచ్చిన వైనం

"ఈ ఏడు మన ఊరు ఐదు వేల పుస్తకాలు చదవబోతోంది. ఇందులో ఎవరికీ ఎలాంటి శ్రమా ఉండదు," అని మా గ్రామ విద్యాసంఘం అధ్యక్షులు శ్రీ బుచ్చయ్య గారు బడి అరుగు మీద నిలబడి ప్రకటించారు. స్వరాజ్యం వచ్చి రెండేళ్లవుతున్నా ఇంత ధైర్యంగా మాట్లాడిన నాయకుణ్ణి నేను చూడలేదు. బెజవాడ పత్రికకు వార్తలు పంపేవాణ్ణి కనక వెంటనే రాసుకున్నాను.

ముసునూరు చుట్టుపక్కల బళ్లకు ఏటా పఠన పోటీ పెడతారు. పిల్లా పెద్దా కలిసి ఏ ఊళ్లో ఎక్కువ పుస్తకాలు చదివితే ఆ ఊరికి రేడియో. కిందటేడు మా ఊరు ఆఖరున వచ్చింది. కారణం బుచ్చయ్య గారే కనిపెట్టారు. జనం ఎవరి చదువు వాళ్లు చదువుకున్నారట!

"మామిడితోటకి మనం కాపలా కూర్చుంటున్నామా? పూత మీదే గుత్తకిచ్చేస్తున్నాం. కాయ సంగతి గుత్తదారు చూసుకుంటాడు. చదువైతే మాత్రం ఏంటండీ తేడా?" అన్నారు.

గుత్త సాంబయ్య గారికి దక్కింది. ఐదు వేల పుస్తకాలకు ఆయన పూచీ. బదులుగా బడి వెనక తోట రెండేళ్లపాటు ఆయనది.

"ఆయనకి చదువు రాదు కదండీ?" అన్నాను.

"గుత్తదారు చెట్టెక్కాలని ఎక్కడుందండీ?" అన్నారు అధ్యక్షులు. నా తెలివితక్కువతనానికి నేనే సిగ్గుపడ్డాను.

మర్నాడే సాంబయ్య గారు గుమస్తాను వెంటబెట్టుకుని పూత చూడ్డానికి బయల్దేరారు. గుమ్మం గుమ్మం దగ్గరా ఆగి మనిషిని ఎగాదిగా చూసి లెక్క చెప్పేవారు. "ఈయనకి ముప్ఫై వేసుకో. ఈ ముసలాయన కాపు ఉడిగింది, ఐదు చాలు." పాకల దగ్గర సవరమ్మను చూసి ఆగారు.

"ఈవిడకి అక్షరాలొచ్చా?"

"రాత్రి బళ్లో నేర్చుకుందండి. కూడబలుక్కుని బాగానే చదువుద్ది," అన్నాడు గుమస్తా.

"అయితే మంచి కాపే. యాభై రెండు."

సవరమ్మ తోటల్లో కాయలు గంపలకెత్తే కూలి మనిషి. ఆమెకున్న ఆస్తల్లా ఒక పాడిగేదె. దానికి దవడ కింద వాపొచ్చింది. మేత తింటూనే రోజురోజుకీ చిక్కిపోతోంది. నలుగురూ చెప్పినట్టు వాతలు పెట్టించింది, దిష్టి తీయించింది, ఏమీ కలిసిరాలేదు. బడి అద్దాల బీరువాలో పశువుల జబ్బుల పుస్తకం ఒకటుందని డేవిడ్ రాజు మాస్టారు చెబితే పరుగున వచ్చింది.

బీరువా ముందు సాంబయ్య గారు పెట్టిన తోట కాపలాదారు రాములు, చిలకల్ని తోలే ఒడిసెల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"ఒక్క పూట ఇవ్వు రాములూ. చూసి తెచ్చేస్తా."

"గుత్తకిచ్చాక తోట ఆసామి కూడా కాయ తుంచకూడదు. ఆ మాత్రం తెలీదా?"

"నాకే ఇవ్వడం లేదు సవరమ్మా," అన్నాడు మాస్టారు. "మొన్న పాఠానికని అడిగితే ఒడిసెల తిప్పాడు."

ఆమె అధ్యక్షుల వారి ఇంటికెళ్లి, వాకిట్లో నిలబడి, "అయ్యగారండీ, గేదె పోతే మా బతుకేంటండీ?" అంది. బుచ్చయ్య గారు ఓపిగ్గా నచ్చజెప్పారు. "చూడవే సవరమ్మా, నీ పేరు మీద ఇప్పటికే యాభై రెండు రాశాం. అవి చాలక ఇంకోటి కూడా కావాలంటే మిగతావాళ్లకి అన్యాయం కాదూ?" ఇంత సమదృష్టి ఉన్న నాయకుడు దొరకడం మా అదృష్టం.

వేసవి సెలవుల ముందు ఇన్‌స్పెక్టరు గారు వస్తారని కబురొచ్చింది. ఎవరూ తెరవని పుస్తకాలేమో కొత్తవాటిలా పెళపెళలాడుతున్నాయి. సాంబయ్య గారు కంగారుపడలేదు. కొట్టంలో వరిగడ్డి పరిపించి, పుస్తకాలన్నీ వరసగా పేర్పించి, పైన మళ్లీ గడ్డి కప్పించి మాగేశారు. పేర్చడానికి చెయ్యి తిరిగిన కూలీ కావాలి కనక సవరమ్మనే పిలిచారు. పశువుల పుస్తకం చేతికి రాగానే ఆమె గబగబా తెరిచింది. సాంబయ్య గారు లాక్కున్నారు.

"పచ్చికాయ కొరుకుతావేంటమ్మా? మాగనీ, అప్పుడు నేనే ఇస్తాను."

గేదె ఆ వారంలోనే పోయింది. పత్రికకు రాద్దామనుకున్నాను గానీ, పోటీ ఏర్పాట్ల వార్తకే చోటు చాల్లేదు.

ఇన్‌స్పెక్టరు గారు వచ్చి, పసుపు తిరిగి మెత్తబడ్డ పుస్తకాలను చేత్తో నిమిరి పరవశించారు. "ఇంతగా నలిగిన పుస్తకాలు ఇంకే ఊళ్లోనూ చూడలేదండీ!" ఒక పుస్తకంలోంచి గడ్డిపరక జారింది. "ఇదేంటి?"

"రైతులు కదండీ. వామి మీద కూర్చుని కూడా చదువుతారు," అన్నారు బుచ్చయ్య గారు.

రేడియో మాకే వచ్చింది. అది అధ్యక్షుల వారి వసారాలోకి వెళ్లింది. యాభై రెండు పుస్తకాలు చదివిన ఉత్తమ పాఠకురాలిగా సవరమ్మను వేదిక మీదికి పిలిచారు. ఆమె కోరుకుంటున్నదేమిటో ఎరిగినవారు కనక, సాంబయ్య గారు తమ చేతుల మీదుగా పశువుల జబ్బుల పుస్తకమే బహూకరించారు.

"ఏదీ, ఒక్క పేజీ చదువమ్మా," అన్నారు ఇన్‌స్పెక్టరు గారు.

సవరమ్మ చాలాసేపు వెతికింది. తర్వాత అక్షరాల కింద వేలు పెట్టుకుని చదివింది. "దవడ కింద... వాపు వస్తే... పొట్టలో జలగలు... పడ్డట్టు గుర్తు. ఆలస్యం చేయక... మందు తాగిస్తే పశువు... కోలుకుంటుంది. ఈ మందు... పశువుల ఆసుపత్రిలో... ఉచితంగా ఇస్తారు."

"బ్రహ్మాండం! ఒక్క తప్పు లేదు," అని ఇన్‌స్పెక్టరు గారు చప్పట్లు కొట్టారు. సభంతా కొట్టింది. నాకు మాత్రం ఆమె మొహం చూడబుద్ధి కాలేదు. రాసుకుంటున్నవాణ్ణి కదా, తల ఎత్తాల్సిన అవసరం రాలేదు.

ఫొటో అయ్యాక సాంబయ్య గారు చెయ్యి చాచారు. "ఇలా తేమ్మా. వచ్చే ఏటి గుత్తకి బీరువాలో లెక్క తగ్గకూడదు."

సవరమ్మ పుస్తకం మూసి ఆయన చేతిలో పెట్టింది.

"మీరన్నట్టే మాగాక ఇచ్చారండీ," అంది.

విజేత సవరమ్మ గుత్తదారు గారికి సభాముఖంగా కృతజ్ఞతలు తెలిపిందని రాసుకున్నాను.