మూడువేల గడ్డల నాచారం రింకు

ఏమయ్యా పెద్దమనిషీ, ఉప్పల్ రింగ్‌రోడ్డు కాడ బస్సు కోసం నిలబడి ఫోన్ల ఇది సదువుతున్నవు గదా, నిన్నే. నీ సంచిల ఆధార్ జిరాక్సులు నాలుగు, పాస్‌పోర్ట్ ఫొటోలు ఆరు ఉన్నయని నాకు తెలుసు. ఎందుకు పెట్టుకున్నవో నీకే తెల్వదు. తొవ్వల ఎవడన్న అడుగుతడేమోనని. అసుమంటి మనిషివి గాబట్టే నీకు ఈ మహా సత్యం చెప్తున్న. ఈ భూమ్మీద మంచు రెండు తీర్లు. ఒకటి చల్లగ ఉంటది, కరుగుతది, దాన్ని ఎవ్వడు లెక్కజెయ్యడు. ఇంకోటి కాగితం మీద ఉంటది. లోకం నడిచేది దాని మీదనే.

నేను కొమురెల్లిని. నాచారం ఇండస్ట్రియల్ ఏరియాల ఐస్ ఫ్యాక్టరీల గడ్డలు దించి బండికెక్కిచ్చే పని. మా గడ్డలు చేపలోళ్లకు, చెరుకురసం బండ్లకు, పెండ్లిళ్లకు పోతయి. (చావులకు గూడ పోతయి, గాని ఆ గిరాకీ బోర్డు మీద రాయం.)

మా అక్క బిడ్డ త్రివేణికి పన్నెండేండ్లు. చిల్కానగర్‌ల వాళ్ల అపార్ట్‌మెంట్ సెల్లార్‌ల, పొద్దుగాల ఐదింటికి, చక్రాల బూట్లు కట్టుకొని ఆడుతది. ఉరుకుడు పోటీ గాదు. ఫోన్ల పాట పెట్టుకొని, చేతులు చాపి, వెనకకు జారి, గాలిలకెగిరి, తిరిగి ఒంటికాలు మీద దిగుడు. దీన్ని ఫిగర్ స్కేటింగ్ అంటరు. రెండేండ్లు రెండు వరసల కార్ల నడుమ ఆడింది, ఒక్క కారు అద్దం పోలే. నేను ఆ సెల్లార్‌ల ఒక్కసారి బండి తిప్పిన, రెండు పోయినయి.

అసలు ఆట మంచు మీద. పట్నం ఆ కొసకు ఒక మాల్‌ల జరంత మంచు ఉన్నది. పాత బ్లేడు బూట్లు కొనుక్కొని, ఆదివారం ఆదివారం మెట్రోల పోయి, పిల్లలు జారి ఏడుస్తుంటే వాళ్ల నడుమల సందు సూసుకొని నేర్చుకున్నది. ఇగ ఈ ఏడు పదమూడేండ్ల లోపోళ్లకు ట్రయల్ వచ్చింది. పైదిక్కు ఎక్కడనో పెద్ద రింకు, అంటే ఆడేటందుకు మంచు పరిసిన జాగ, రైలు చర్లపల్లి నుంచి. పోయి గెలిస్తే అక్కడనే ఉంచుకొని నేర్పుతరు. వచ్చే ఏడుకు వయసు దాటిపోతది. టికెట్ బుక్ జేసిన్రు, బ్యాగు గూడ సదురుకున్నది.

ఒక్క కాగితం తక్కువ పడ్డది.

తూర్పు నగర హిమ స్కేటింగ్ సంఘం అని ఒకటున్నది. ఉప్పల్‌ల ఒక టైర్ల షాపు మీద ఒక రూము, రెండు కుర్చీలు, ఒక ఫ్యాను. కార్యదర్శి రామ్మోహనరావు గారు. కోస్తా దిక్కు మనిషి, మర్యాద మస్తు. ఎవలనన్న ఎల్లగొడితే గూడ "కూర్చోండి" అనే ఎల్లగొడతడు.

"పాప వంద గంటలు మంచు మీద అభ్యాసం చేసినట్టు ధ్రువీకరణ పత్రం కావాలండీ" అన్నడు.

"మాల్‌ల జేసింది సార్. టికెట్లు దాపెట్టినం."

"అది వినోదపు మంచండీ. మేము క్రీడా మంచునే లెక్కలోకి తీసుకుంటాం."

"రెండు గడ్డకట్టేది నీళ్లతోనే గదా సార్."

"నీళ్ల సంగతి మా పరిధిలోకి రాదండీ. గుర్తింపు ఉన్న మంచు తయారీదారు సంతకం, ముద్ర ఉండాలి."

నా నెత్తిల బల్బు ఎలిగింది. (మా ఇంట్ల ఈ బల్బు ఎలిగిందంటే మా అక్క ఫోన్ స్విచ్చాఫ్ జేస్తది.) గుర్తింపు ఉన్న మంచు తయారీదారు అంటే ఎవలు? మా ఓనర్ బసవరాజు సేట్. లైసెన్సు గోడకు ఏలాడుతున్నది, అద్దం పగిలింది గంతే. మా ఫ్యాక్టరీనే రింకు, త్రివేణి అండ్లనే నేర్చుకున్నదని రాస్తే అయిపాయె.

సంఘం ఇచ్చిన ఫారం పన్నెండు పేజీలు, అంత ఇంగ్లీషే. నేను ఏడో తరగతి రెండుసార్లు సదివిన, గాని రెండుసార్లు తెలుగులనే. త్రివేణి "నేను సదువుత ఇయ్యి మామా" అన్నది. "నువ్వు ఆడు బిడ్డా, కాగితాలు పెద్దోళ్ల పని" అన్న. ఖాళీ డబ్బాలు ఏడున్నయో సూసి నింపిన. మంచు మందం: పద్నాలుగు అంగుళాలు. రంగు: తెలుపు. రోజూ వాడేటోళ్లు: మస్తుమంది. ముద్ర కోసం సేట్ కాడికి పోతే, పొద్దంత నవ్వి, కొట్టి ఇచ్చిండు.

సంఘం ఊకె నమ్ముతదా? తనిఖీకి వచ్చింది. రామ్మోహనరావు గారు, ఎంబడి సాంకేతిక సభ్యురాలు ఛాయాదేవి మేడం. మేడం రిటైరైన డ్రిల్ టీచరు, మెడల విజిలు ఇంకా ఉన్నది. గేటు కాడనే ఆపిన.

"సార్, రింకుల బూట్లతోని అడుగుపెట్టొద్దు. అంతర్జాతీయ నియమం."

ఆ నియమం నేను ఆ నిమిషంలనే తయారు జేసిన. రామ్మోహనరావు గారు ఒక్క మాట అడుగలే. బూట్లు ఇడిసి, సాక్సుల మీద, గడ్డలు గట్టిచ్చే ఉప్పునీళ్ల నడుమ అరగంట నిలబడ్డడు. నియమం అంటే గంత గౌరవం. మా లోడింగోళ్లు ఉప్పు బస్తాల ఎనకకు పోయి నవ్విన్రు.

మేడం టేపు తీసి ఒక గడ్డ కొలిసింది. నాలుగు అడుగుల పొడుగు, అడుగున్నర ఎడల్పు. మొఖం మార్చింది.

"రింకు అరవై మీటర్లు ఉండాలి కదా?"

"ముక్కలుగ ఉన్నది మేడం" అన్న.

"నెలకు ఎన్ని ముక్కలు?"

"మూడువేలు."

ఇద్దరు పక్కకు పోయి క్యాలుక్యులేటర్ ఒత్తిన్రు. మూడువేల గడ్డలు పక్కపక్కన పరిస్తే ఒక అంతర్జాతీయ రింకుకు సరిగ్గ సరిపోయిందంట. ఎప్పుడన్న పరిసిన్రా అని అడిగే డబ్బా ఫారంల లేదు. 'నాచారం రింకు, విడిభాగాలుగా ఆమోదించడమైనది, ఐదేళ్ల వరకు' అని రాసి, ముద్ర కొట్టి, తడి సాక్సుల మీదనే బూట్లు తొడుక్కొని పోయిన్రు.

ఆ రోజు బస్తీల నా అంత గొప్పోడు లేడు. చిల్కానగర్ చాయ్ హోటల్‌ల సాక్సుల కథ పదిసార్లు చెప్పిన. త్రివేణి మాత్రం నవ్వలే. "మామా, అబద్ధం గదా" అన్నది. "అబద్ధం గాదు బిడ్డా, ఆమోదం" అన్న.

నాలుగో రోజు రామ్మోహనరావు గారు ఫోన్ జేసిండు.

"శుభవార్త అండీ. ఆమోదం పొందిన రింకు ఉన్న జిల్లా పిల్లలకు ట్రయల్ ఆ రింకులోనే జరపాలని నిబంధన. పాప అంత దూరం వెళ్లక్కర్లేదు. నాచారం వచ్చేస్తే చాలు."

రైలు టికెట్ క్యాన్సిల్ జేసిన్రు. బ్యాగుల నుంచి స్వెటర్ తీసి త్రివేణి నా చేతుల పెట్టింది. ఏమన్న అంటే మంచిగుండు.

శనివారం పొద్దుగాల ఫ్యాక్టరీల గోనెసంచులు పరిసి, నాలుగు గడ్డలు వరసగ పేర్చినం. అంతకన్న ఎక్కువంటే చేపలోళ్లు ఊకోరు. త్రివేణి బ్లేడు బూట్లు కట్టుకొని ఒక గడ్డ ఎక్కింది. పాట పెట్టిన్రు.

అడుగున్నర ఎడల్పుల మనిషి ఏం ఆడుతది? గిర్రున తిరిగింది. చేతులు గుండెకు కట్టుకొని, ఒంటికాలు మీద, ఉన్నకాన్నే. మంచు పొడి లేసి మా మొఖాల మీద పడ్డది. లోడింగోళ్లు గడ్డలు గుంజే ఇనుప కొండ్లు కింద పెట్టిన్రు. బేరమాడుతున్న చేపలామె గూడ బేరం ఆపింది. పదకొండు సుట్లు లెక్కవెట్టిన నేను, తర్వాత లెక్క తప్పింది. నేను గీమెను రెండేండ్లు సెల్లార్‌ల సూసిన గాని, గిది సూడలే.

ఛాయాదేవి మేడం నోట్ల విజిలు పెట్టుకొని ఊదుడు మర్చిపోయింది. తిరుగుడుకు పదికి తొమ్మిదిన్నర ఏసింది. తర్వాత జంపు.

"ఎగిరి యాడ దిగాలె మేడం?" అన్నది త్రివేణి.

మేడం గడ్డల దిక్కు సూసింది, రామ్మోహనరావు గారి దిక్కు సూసింది. "రింకు లోపలే దిగాలమ్మా" అన్నది, మెల్లగ.

త్రివేణి గడ్డ దిగి బూట్లు ఇప్పుకున్నది. జంపులకు సున్న. మొత్తం కలిపితే పాస్ మార్కుకు నాలుగు తక్కువ.

పది రోజులకు ఎంపికైనోళ్ల లిస్టు వచ్చింది. అండ్ల బిందుమాధవి అని ఒక పిల్ల, పక్క జిల్లా. మూడు నెలలు ఖర్చులు పెట్టి, పెద్ద రింకుల నేర్పి, ఆనక ట్రయల్ పెడతరంట. ఎట్లనంటే, ఫారం తొమ్మిదో పేజీల ఉన్నదంట: మంచు లేని జిల్లా పిల్లలు 'మా దగ్గర మంచు లేదు' అని ఒక్క ముక్క రాస్తే చాలు. వాళ్ల నాయిన గట్లనే రాసిండు. ఇది నాకు త్రివేణి సదివి చెప్పింది. సదివి, కాగితం మడిచి, స్కూల్‌కు పోయింది.

నేను టైర్ల షాపు మీదికి ఉరికిన.

"సార్, అది ఐస్ ఫ్యాక్టరీ. రింకు గాదు. నేను మీతోని మజాక్ జేసిన."

"తెలుసండీ. బయట బోర్డు ఉంది కదా. పద్నాలుగేళ్లుగా మా సంఘానికి మంచు లేదు, ఈ ఏడు కూడా లేకపోతే గుర్తింపు పోయేది. మీ మేలు మరిచిపోం. కూర్చోండి."

"మరి తొమ్మిదో పేజీ సంగతి ముందుగాల చెప్పకపోతిరి?"

"మీరు మంచు ఉందని వచ్చారు. ఉన్నవాళ్లకు లేనివాళ్ల నిబంధన చెప్పడం మర్యాద కాదండీ."

"ఇప్పుడు చెప్తున్న, లేదు. మా కాడ మంచు లేదు. రాసుకోండ్రి."

"తప్పకుండా. ఆమోదం రద్దు చేసి, పాపకు ఆ అవకాశం ఇప్పించవచ్చు. గడువు రేపటి వరకే ఉంది. మంచు లేదని గుర్తింపు ఉన్న మంచు తయారీదారు సంతకం, ముద్ర తీసుకురండి."

నాచారం దాక ఆటోల పోయిన. బసవరాజు సేట్ గల్లపెట్టె కాడ కూసున్నడు. ఎనక మూడు బండ్లల్ల లోడింగ్ అయితున్నది. కాగితం ముందల పెట్టి, మన ఫ్యాక్టరీల ఐస్ లేదని సంతకం పెట్టుమన్న. ఆడపిల్ల బతుకు సేట్, ఒక్క ముద్ర అన్న. సేట్ కాగితం సూసిండు, గడ్డలు సూసిండు, నన్ను సూసి ముద్ర తీసి సొరుగుల ఏసి తాళం పెట్టిండు.

"చాలు తీయ్ కొమురెల్లి. ఈసారి ఎవన్ని ఎర్రోన్ని జేస్తున్నవ్?"

నా పేరే చెప్పిన. నమ్మలే.