ప్రేమదాస కవాట విజయము

మిరపకాయల టిక్కీబస్తాలు కోల్డుస్టోరేజీలలో శీతలనిద్ర నొందు శ్రావణమాసమున, రాత్రి కురిసిన కుంభవృష్టికి పత్తిచేలు తలలూపుచుండగా, పర్చూరు సీమ నల్లరేగడిపై వెలసిన యొకానొక డాబాయింట, మృత్తికావ్యాపార ధురంధరుడు, సబ్బునురగ కిరీటధారి యగు ప్రేమదాసు తన స్నానాలగదిలో బందీ యయ్యెను. గడియ తీసినను తలుపు రాదాయెను!

వసారాలో ఇనుము పోతపోయు కర్మాగారమువారి మనిషి అల్లాబక్షు టీ త్రాగుచుండెను. పోత అచ్చులలో ఇసుకను పట్టియుంచుటకు, నీరు తగిలినంతనే ఉబ్బెడి జిగటమన్ను వారికి కావలెను. తన పొలపు మన్ను ఉబ్బునని ప్రేమదాసు ఇప్పుడే చూపవలెను. చూపనిచో అతిథి టీ ముగించి పొదిలి బస్సెక్కును, మరల రాడు.

వీరుడు చెంబు గదవలె నెత్తి, తలుపును తన్ని గర్జించెను. "ఓరీ కవాటాధమా! బోరుగుంతల గోడలను కూలనీయనిది, కుంట అడుగున పరచినచో చుక్కనీరు జారనీయనిది, ఇసుకరేణువులను బిడ్డలవలె హత్తుకొనునది నా రేగడి! దాని యేలికను నన్నే అడ్డగింతువా?"

తలుపు చలింపలేదు. పాపము, దాని నేరమేమి? గోడక్రింది రేగడి వాననీరు త్రాగి ఉబ్బెను. గోడ లేచెను, ద్వారబంధము వంకరపోయెను.

వెలుపలినుండి ధర్మపత్ని రెబెకా పలికెను. "తన్నమాకండి, గోడ ఇంకా పగులుద్ది. పునాది గట్టినేల తగిలేదాకా తియ్యాలని మేస్త్రి మొత్తుకుంటే, నా మట్టి సంగతి నాకు తెలియదా అన్నారుగా. ఆ ఉపన్యాసం ఆపి తలుపు అంచుకి సబ్బు రుద్దండి."

మాట గునపమై దిగెను. సిగ్గుతో చెవులెర్రబడగా, ఆ మహాబాహువు సబ్బుబిళ్ళ అరిగి రేకగువరకు రుద్దెను. లోపల నుండి ఆతడు నెట్ట, బయటి నుండి రెబెకా, అల్లాబక్షు లాగ, కవాటము కిర్రుమని జానెడు తెరచుకొని, అంతటితో బిగిసిపోయెను. నురగలు కారుచున్న హస్తమొకటి భుజము వరకు వెలువడెను.

అల్లాబక్షు పగిలిన గోడను, వంగిన బంధమును, ఆ హస్తమును తేరిపార జూచెను.

"మట్టి ఉబ్బుద్దో లేదో చూసి రమ్మన్నారండి మావాళ్ళు," అని ఆ చేయి పట్టుకొని ఊపెను. "చూశాను. రేపు లారీ పంపిస్తా."

జయము! జయము! జానెడు సందున జగమును గెలిచి, భుజపర్యంత విముక్తుడైన ప్రేమదాసు, సతి అందించిన టీగ్లాసును ఆ చేతనే గ్రహించి, ఎండకాసి మన్ను ఆరువరకు లోపలనే విజయోత్సవము జరుపుకొనెను.